‘లేదు’ అయితే తొమ్మిదో భాగానికి వెళ్లండి

నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని చిన్నప్పటి నుంచీ అందరూ మెచ్చుకునేవారు. ఆ చేతిరాతే కొంప ముంచింది. నా కొంప కాదు, ఇంకొకామెది.

తెలంగాణ రావడానికి ఆరేడేళ్ల ముందు మాట. అప్పుడు నేను గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో చదువు చెప్పేదాన్ని. నాన్న బొగ్గుబాయి కార్మికుడు, అమ్మ ఇంట్లో, నాకింకా పెళ్లి కాలేదు. ఎండాకాలం సెలవుల్లో ఒక సర్వే పని దొరికింది. కార్మికుల క్వార్టర్లలో ఉండే పెళ్లయిన ఆడవాళ్లను కలిసి, ఒక్కొక్కరి దగ్గర గంటసేపు కూర్చుని ఫారం నింపాలి. పైకి మాత్రం మహిళల ఆరోగ్యం గురించి అని చెప్పాలి. అసలు అడగాల్సింది రెండు సంగతులు. ఒకటి, మొగుడి చేతిలో పడ్డ బాధ. రెండోది, పుట్టిన దగ్గర నుంచీ ఆ మనిషి మీద విరుచుకుపడ్డ పెద్ద కష్టాలన్నీ.

పని నేర్పడానికి మమ్మల్ని కరీంనగర్ తీసుకెళ్లారు. నేర్పే మేడం హైదరాబాద్ నుంచి వచ్చింది. మెత్తని మనిషి, ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. ఇంట్లో మొగుడున్నప్పుడు అడగకూడదని, మధ్యలో ఎవరైనా వస్తే గబుక్కున పేజీ తిప్పి పిల్లల టీకాల ప్రశ్నలు అడగాలని, ఏం విన్నా సలహా ఇవ్వకూడదని చెప్పింది. తర్వాత బోర్డు ముందు నిలబడి, "మరి మగవాళ్లు ఇంట్లో లేని వేళ మీకెలా తెలుస్తుంది?" అని మమ్మల్నే అడిగింది. గోదావరిఖని పిల్లలం అందరం ఒక్కసారి నవ్వేశాం. మా దగ్గర ఎవరి మొగుడు ఎప్పుడు ఇంట్లో ఉంటాడో అడగాలా? మొదటి షిఫ్టు పొద్దున ఏడు నుంచి మూడు, రెండోది మూడు నుంచి పదకొండు, మూడోది రాత్రంతా. ఏ వారం ఎవరిది ఏ షిఫ్టో పక్కింటి పిల్లకు కూడా నోటికి వస్తుంది. నేను లేచి ఒక కాగితం మీద గళ్లు గీసి, ఏ షిఫ్టు వాళ్లింటికి ఏ వేళ వెళ్లాలో రాసి ఇచ్చాను. మేడం దాన్ని అందరికీ చూపించి, "ఈ అమ్మాయి మనకు దొరకడం అదృష్టం" అంది. అబ్బో, ఆ రోజు నా కాళ్లు నేల మీద లేవు.

ఫారంలో ఎనిమిదో భాగం మొగుడి గురించి. దాని మొదట్లో ఒకే ఒక్క ప్రశ్న ఉండేది: "మీ భర్త మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టడం గానీ, శారీరకంగా హింసించడం గానీ జరిగిందా?" ఉంది అంటే కింద ఇంకా చాలా ప్రశ్నలు. దెబ్బ ఎక్కడ తగిలింది, దవాఖానకు వెళ్లారా, ప్రాణభయం వేసిందా, ఎవరికైనా చెప్పుకున్నారా. లేదు అంటే, పక్కన చిన్న అక్షరాల్లో ఉండేది: ‘లేదు’ అయితే తొమ్మిదో భాగానికి వెళ్లండి.

మొదట్లో ఈ ప్రశ్న ఇలా ఉండేది కాదట. చెంప మీద వేశాడా, తోశాడా, జుట్టు పట్టి లాగాడా, తన్నాడా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడిగేలా రాశారట. ఫారం చాంతాడంత అయిందని పైవాళ్లు అవన్నీ కోసేసి, ఒక్క ప్రశ్నకు కుదించారు. ఈ సంగతి మేడమే ఒకనాడు టీ తాగుతూ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె ముఖం బాగోలేదు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

శిక్షణ మధ్యలో ఒక ఆదివారం ఇంటికి వచ్చాను. నాన్నకు ఆదివారం కూడా డ్యూటీ పడి రెండో షిఫ్టుకు పోయాడు. అమ్మ వాకిట్లో గోనెసంచి పరుచుకుని, రాయి మీద చింతకాయలు పెట్టి సుత్తెతో కొట్టి గింజలు తీస్తోంది. చదవడం అలవాటు కావాలి కదా అని ఫారం పట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను. వయసు, చదువు, పిల్లలు, జ్వరాలు, అన్నీ ఆటలాగా చెప్పింది. ఎనిమిదో భాగం వచ్చింది. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను.

అమ్మ తల ఎత్తలేదు. "లేదు బిడ్డ."

"అమ్మా!"

"ఏందే?"

"నిజం చెప్పాలె. ఉత్తగనే నేర్చుకునేందుకు అడుగుతున్న. ఎవలకు చూపియ్య."

"నిజమే చెప్తున్న. మీ నాయిన చెయ్యి జేసుకున్నడు గని కొట్టలే."

"రెండిటికి ఫరక్ ఏంది?"

"ఫరక్ లేకుంటె ఎట్ల?" అమ్మ సుత్తె ఎత్తి చింతకాయ మీద ఒక్కటి వేసింది. గింజ ఎగిరి నా ఒళ్లో పడింది. "కొట్టుడంటే గిది. మా చిన్నాయిన మా చిన్నమ్మను కట్టెతోని బాదుతుండె సూడు, అది కొట్టుడు. మీ నాయిన కోపమొస్తె ఒకటో రెండో ఏసిండు. గది అందరిండ్లల్ల ఉన్నదే."

ఒకటో రెండో! నాకు ఏడేళ్లప్పుడు ఒకసారి మంచం కింద దూరాను. పైన ఏం జరిగిందో కనిపించలేదు, వినిపించింది. ఆ తర్వాత వారం రోజులు అమ్మ ఎడమ మోచేయి వంగలేదు. కుడిచేత్తోనే పిండి కలిపి, కుడిచేత్తోనే రొట్టె తట్టింది. ఏమైందని అడిగిన వాళ్లకు నల్లా దగ్గర జారిపడ్డానని చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. నాన్న మీదా, ఆ సుత్తె మీదా, అంత నిబ్బరంగా గింజలు ఏరుకుంటున్న అమ్మ మీదా.

కొంచెంసేపటికి అమ్మే నెమ్మదిగా అడిగింది. "నీకు యాదికున్నదా బిడ్డ?"

"లేదమ్మా" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసి, మళ్లీ చింతకాయ అందుకుంది. ఆ సాయంత్రం ఆ వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లం ఒకరికొకరం లేదు అని చెప్పుకున్నాం.

మర్నాడు కరీంనగర్ వెళ్లి ఈ సంగతి మేడంకు చెప్పాను. అమ్మ అని చెప్పలేదు, మా పక్కింటామె అన్నాను. మా వైపు కొట్టుడు వేరు, చెయ్యి చేసుకునుడు వేరు, ప్రశ్న మార్చకపోతే అందరూ లేదనే అంటారు మేడం, అన్నాను. ఆమె తన నోటు పుస్తకంలో రాసుకుంది. "నువ్వు చెప్పింది చాలా విలువైన మాటమ్మా. కానీ ఫారాలు అచ్చయిపోయాయి. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా అడిగితే లెక్కలు కలవవు. ఉన్నది ఉన్నట్టే చదవాలి. అర్థం కాలేదంటే మళ్లీ అదే చదవాలి. సొంతంగా విడమరచి చెప్పకూడదు" అంది. ఆమె చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. పక్కనే కూర్చున్న ఆఫీసు మనిషి ఒకాయన, "మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. మన ఆడవాళ్ల సంగతి తెలియనిదేముంది" అని సామెత విసిరాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఛీ, ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పని మొదలైంది. ఎనిమిదో భాగం అర నిమిషంలో అయిపోయేది. అడగడం, లేదు అనడం, లేదు చుట్టూ సున్నా చుట్టడం. అందరూ నా కళ్లలోకి చూస్తూనే లేదు అనేవారు. అబద్ధం చెప్పేవాళ్ల చూపు కాదది. అడిగినదానికి సరైన జవాబే చెప్తున్నామన్న చూపు. కొందరు లేదు అన్న తర్వాత ఒక్క క్షణం ఆగేవారు, ఇంకేమైనా అడుగుతుందేమోనని. నేను పేజీ తిప్పేదాన్ని.

తొమ్మిదో భాగం దగ్గర మాత్రం గంగ పొంగినట్టు మాటలు పొంగేవి. జీవితంలో మీకు గానీ మీ వాళ్లకు గానీ పెద్ద ప్రమాదం జరిగిందా, కళ్ల ముందు ఎవరైనా చనిపోయారా, ఇప్పటికీ కలలోకి వస్తుందా, ఇవీ అక్కడి ప్రశ్నలు. బొగ్గుబాయి ఊళ్లో అడగాల్సిన మాటలేనా అవి! బాయిలో పైకప్పు కూలి తమ్ముడు పోయిన కథ, బొగ్గు మోసే బెల్టులో చెయ్యి పడ్డ తండ్రి కథ, సైరన్ వేళ కాని వేళ మోగితే క్వార్టర్ల వరుసలోని ఆడవాళ్లంతా చెప్పుల్లేకుండా బాయి దాకా ఉరికిన కథ. లోపలి నుంచి ఫొటోలు తెచ్చి చూపించేవారు. ఏడ్చేవారు, నాతో టీ తాగించేవారు, మళ్లీ ఏడ్చేవారు. రాయడానికి గళ్లు సరిపోక అంచుల్లో రాసేదాన్ని. బాయిని ఎంతైనా తిట్టొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. బాయి మూడింటికి డ్యూటీ దిగి ఇంటికి రాదు కదా.

నా చేతిరాత కొంప ముంచిందన్నానే, ఆమెను కలిసింది సెంటినరీ కాలనీలో. గేటు పక్కన జామచెట్టున్న క్వార్టరు. ఆ వారం ఆమె భర్తది మొదటి షిఫ్టు. నేను మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళ్లాను. ముప్పై అయిదేళ్లుంటాయేమో, సన్నగా, శుభ్రంగా ఉంది. నాకు కుర్చీ వేసి తను కింద కూర్చుంది. కూర్చున్నాక మళ్లీ లేచి, కుడి చెవి నా వైపు ఉండేలా జరిగి కూర్చుంది.

"జర గట్టిగ మాట్లాడు చెల్లె. ఎడమ చెవ్వు ఇనరాదు."

ఆరోగ్యం పేజీలో ‘వినికిడి లోపం’ అని రాశాను. ఎప్పటి నుంచి అక్కా అంటే, "అయితుంది మూడేండ్లు" అంది. ఎందువల్ల అని ఆ పేజీలో లేదు.

రెండు కావస్తుండగా ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయింది. రోజూ ఆ వేళకు జరిగేదే. నేల అదిరి అల్మారలో గిన్నెలు గలగలమన్నాయి. ఆమె చెక్కు చెదరలేదు. ఇంకొంచెంసేపటికి గేటు గొళ్లెం కిర్రుమంది. ఆమె దిగ్గున లేచి నిలబడింది, ముఖంలో రక్తం లేదు. నేను గబగబా టీకాల పేజీ తిప్పాను. చూస్తే మేక. జామ ఆకుల కోసం గేటు నెట్టుకుని వచ్చింది. ఆమె దాన్ని అదిలించి వచ్చి, నవ్వుతూ కూర్చుంది. "ఈ మేక నా పాణాలు తీస్తది" అంది.

నేను ఎనిమిదో భాగం తీసి ప్రశ్న చదివాను.

ఆమె నా వైపు ఇంకొంచెం వంగింది. "కొట్టుడంటే?" అంది.

ఆ రెండు నెలల్లో అంతమందిలో, కొట్టుడంటే ఏందని అడిగింది ఆమె ఒక్కతే. నాకు తెలుసు ఏం చెప్పాలో. అక్కా, చెయ్యి చేసుకున్నా సరే, ఒక్కటి వేసినా సరే, చెప్పు, అంటే చాలు. నోటి దాకా వచ్చింది. నేను అచ్చులో ఉన్నదే ఇంకోసారి చదివాను, ఇంకొంచెం గట్టిగా, ఆమె చెవి వినిపించదు కదా అని.

"కొట్టుడైతే లేదు" అంది.

కొట్టుడైతే. ఆ ‘అయితే’లోనే ఉంది అంతా. అది రాయడానికి నా ఫారంలో గడి లేదు. ఉంది, లేదు, అంతే. లేదు చుట్టూ సున్నా చుట్టాను, గుండ్రంగా, అందంగా. తొమ్మిదో భాగానికి వెళ్లాను.

"మీకు ఎప్పుడైనా పెద్ద ప్రమాదం జరిగిందా అక్కా?"

"అయింది."

రోడ్డు, అగ్ని, గని, ఇల్లు కూలడం, ఇతరం అని వరసగా చదివాను. ఇతరం దగ్గర చెయ్యి ఎత్తింది.

"ఏం ప్రమాదం?"

"ఇంట్లనే. తలుపు తాకింది." చీర కొంగుతో ఎడమ చెవి మీద ఒకసారి రాసుకుంది.

ఇతరం ఎదురుగా ఉన్న గీత మీద ‘తలుపు’ అని రాశాను. ఆమె మెడ చాచి నా కాగితం వంక చూసింది. చదువు రాదని మొదట్లోనే చెప్పింది.

"ఏం రాసినవ్ చెల్లె?"

"తలుపు అని."

"తలుపనే రాసినవా?" అంది మెల్లగా. తర్వాత, "ఇంకేమన్న అడుగుతవా?" అంది.

"అయిపోయింది అక్కా."

"గింతేనా?"

గోడ గడియారంలో రెండున్నర. మూడింటికి మగవాళ్లు బాయి దిగుతారు. ఆమె నీళ్లు కాగబెట్టాలి. ఆలోపల నేను కాలనీ దాటిపోవాలి. నా సంచిలో మేడం ఇచ్చిన చీటీల కట్ట ఉంది. కష్టంలో ఉన్న ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని అడగాలో రాసిన చీటీలు. ‘ఉంది’ అన్నవాళ్లకే ఇవ్వాలి. లేదన్నవాళ్లింట్లో అది మొగుడి కంటపడితే లేనిపోని గొడవ. ఆ నిబంధన కూడా మంచిదే, ఆలోచించి పెట్టిందే. ఆ ఎండాకాలమంతా ఆ కట్టకు కట్టిన దారం నేను విప్పలేదు. ఆ రోజూ విప్పలేదు.

గేటు దాకా వచ్చింది. "మల్ల వస్తవా?"

"వస్త అక్కా" అన్నాను. ఊరికే, అందరితో అన్నట్టే.

ఇదంతా నిబంధన మీదికి నెట్టేస్తే నాకు హాయిగానే ఉంటుంది. కానీ సగమే నిబంధన, మిగతా సగం నేను. నా ఫారాలు ఒక్కటి కూడా తప్పులున్నాయని వెనక్కి వచ్చేవి కావు. కొట్టివేతలు ఉండవు, గళ్లు దాటవు. మేడం నా ఫారాన్ని కొత్తవాళ్లకు నమూనాగా చూపించేది. ఆ ‘లేదు’ పక్కన ‘చెయ్యి చేసుకున్నాడు’ అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ ఫారం తిరిగి వచ్చేది, నన్ను పిలిచి అడిగేవారు. నా పేరుకు మచ్చ పడేది. అదీ నా భయం. ఎంత నీచమైన భయమో చూడండి.

ఆ తర్వాతి ఏడాది కరీంనగర్‌లో ఫలితాలు చెప్పే సమావేశం పెట్టి మమ్మల్ని కూడా పిలిచారు. తెర మీద పట్టికలు వేశారు. బొగ్గుగనుల కాలనీల్లో ఇళ్లలో హింస బాగా తక్కువగా కనిపించిందట. స్థిరమైన ఉద్యోగం, కంపెనీ క్వార్టరు, దవాఖాన ఉండటం వల్ల కుటుంబాలు ప్రశాంతంగా ఉన్నాయని ఒక పెద్దాయన చెప్పాడు. చప్పట్లు కొట్టారు. జీవితంలో మొదటిసారి నలుగురిలో లేచి నిలబడ్డాను.

"సార్, మా దగ్గర కొట్టుడు వేరు, చెయ్యి చేసుకునుడు వేరు. వాళ్లు లేదన్నది కొట్టుడు లేదని."

ఆయన కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది. "మరి ఆ సంగతి తెలిసినదానివి అక్కడే విడమరచి అడగాల్సింది కదమ్మా" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. మేడం తల వంచుకుంది. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "నేను రాసి పంపానమ్మా. చివర్లో చిన్న గమనికగానైనా వేయమన్నాను. వేయలేదు" అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఆ తర్వాత ఆమెను మళ్లీ చూడలేదు.

ఇంటికొచ్చి అమ్మ మీద ఎగిరాను. వాళ్లకు మన భాష రాదు, మన మాట తెలియదు, వచ్చి లెక్కలు రాసుకుపోతారు, అని నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ బియ్యం చాటలో చెరుగుతూ అంతా విన్నది.

"వాళ్లకు తెల్వది బిడ్డ, ఒప్పుకుంట. నీకు తెలుసు గద" అంది.

అమ్మ చాట పక్కన పెట్టి, లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

సెంటినరీ కాలనీకి వెళ్లాలని ఎన్నిసార్లు అనుకున్నానో. బడి ఉన్నరోజు వీలు కాదు. ఆదివారం వెళ్తే ఆమె భర్త ఇంట్లోనే ఉంటాడు. వెళ్లి ఏమని చెప్పాలి? సర్వే అయిపోయింది, నేనెవరు? ఇలా సాకులు ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగాల్సినదాన్ని నేనే ఇంట్లో కూర్చుంటే ఆమె ఎవరికి చెప్తుంది?

తర్వాత ఉద్యమం వచ్చింది. రాష్ట్రం కోసం బాయిలు బంద్ పెట్టారు. నేనూ చౌరస్తాలో కూర్చున్నాను, గొంతు పోయేలా నినాదాలిచ్చాను. ఆ రోజులను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఒక మధ్యాహ్నం టెంటు కింద కూర్చుని ఉండగా చటుక్కున తట్టింది. షిఫ్టులు లేవు. కాలనీల్లో మగవాళ్లు పొద్దస్తమానం ఇంట్లోనే ఉన్నారు. ఆ క్వార్టర్లలో ఏడుకూ మూడుకూ మధ్య ఆడవాళ్లకంటూ ఉండే ఆ కాసింత వేళ కూడా లేదు. ఈ మాట పక్కనున్నవాళ్లకు చెప్తే రాళ్లు వేస్తారేమోనని చెప్పలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ ఏడాదే ఒకరోజు రాష్ట్రమంతా ఇల్లిల్లూ తిరిగి కుటుంబాల లెక్క రాశారు. ఆ రోజు అందరికీ సెలవు, అందరూ ఇంట్లోనే ఉండి వివరాలు చెప్పాలి. అప్పటికి నేను సర్కారు బడిలో టీచర్‌ని. డ్యూటీ వేశారు. ఎక్కడికో తెలుసా? సెంటినరీ కాలనీకి. నా జాబితాలో ఆ వరుస ఉంది. పొద్దున బస్సు దిగిన దగ్గర నుంచీ ఒకటే అనుకున్నాను. ఈసారి అడుగుతాను. మా అమ్మ మాటల్లోనే అడుగుతాను. ఆమె ముందు కూర్చుని, కుడి చెవి దగ్గర, గట్టిగా కాకపోయినా అడుగుతాను.

జామచెట్టు ఇంకా పెద్దదైంది. గేటు తీసింది ఒక మగమనిషి. యాభై దగ్గర్లో ఉంటాడు, పొందికైన మనిషి. "రండి మేడం, కూసోండి" అని కుర్చీ వేశాడు. కుటుంబ సభ్యులు అని నేను ఫారం తీశాను. తన పేరు చెప్పి, భార్య పేరు చెప్పాడు. ఆ పేరు కాదు. నేను రాసిన ఆ పాత పేరు నాకు గుర్తుంది, అది కాదు.

నేను కలం ఆపడం చూసి తనే చెప్పాడు. "ఈమె రెండో ఆమె మేడం. మొదటామె చనిపోయింది. నాలుగేండ్లాయె."

చనిపోయినవాళ్ల గురించి ఆ ఫారంలో ఏమీ అడగరు. గ్యాసుందా, బండి ఉందా, పశువులున్నాయా అని అడిగాను. అన్నింటికీ ఓపిగ్గా చెప్పాడు. "మేడంకు నీళ్లు దే" అన్నాడు లోపలికి చూసి. మాట పూర్తికాకముందే ఆమె గ్లాసుతో వచ్చి నిలబడింది. పాతికేళ్లు దాటినట్టు లేదు. నేను పిచ్చిదానిలా ఆమె రెండు చెవుల వంక మార్చి మార్చి చూశాను. కమ్మలున్నాయి, అంతే. నీళ్లు తాగాను. ఆయన సంతకం పెట్టాడు. నా పక్కనే నిలబడి పెట్టాడు, ఎక్కడికీ పోలేదు. ఆ రోజు ఎవరూ ఎక్కడికీ పోరు.

బయటికి వస్తే ఎదురు క్వార్టరు ముందు ఒక ముసలామె స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ ఇంటి ఫారం పొద్దునే రాసేశాను. దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "అవ్వా, ఆ ఇంటి మొదటామె ఎట్ల పోయింది?"

"బాత్‌రూంల కాలు జారి పడ్డది బిడ్డ. తలకు తాకింది. దవాఖానకు తీస్కపోయేసరికే పాణం పోయింది. మంచి పిల్ల. చెవ్వు ఇనరాకపోతుండె, పాపం." ముసలామె కొంగుతో మూతి తుడుచుకుంది. "నీ లెక్కనే ఎవలో పిల్ల కాయితాలు పట్టుకొని వచ్చి కూసుండి ముచ్చటవెట్టిపోయిందట. మల్ల వస్తనన్నదట. మొదటి షిఫ్టు వారమొస్తె చాలు, మధ్యాహ్నం గేటు కాడ్నే నిలవడుతుండె. ఏందే అంటె, ఆ చెల్లె వస్తదేమో అవ్వ, అంటుండె."

అడగాల్సిన మాట అప్పుడు అడిగాను. అన్నేళ్లు దాచుకున్న అమ్మ మాట కాదు, నా నోటికి అలవాటైన ఆ అచ్చు మాటే బయటికి వచ్చింది.

"అవ్వా, ఆయన కొట్టేటోడా?"

"ఛ ఛ!" ముసలామె నన్ను కసురుకుంది. "గట్లనకు. కొట్టేటోడు గాదు. బాయి మీద ఒక్క నాగా లేని మనిషి. కోపమొస్తె చెయ్యి జేసుకునేటోడు, గంతే."

వెనక్కి తిరిగి చూశాను. జామచెట్టు కింద ఆ కొత్తామె తీగ మీది బట్టలు తీస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తున్నాడు, ఇంకేమైనా కావాలా మేడం అన్నట్టు. ఆ రోజు ఏ షిఫ్టూ లేదు. నా సంచిలో ఇంకా రాయాల్సిన ఫారాలున్నాయి. వెళ్లి పక్క క్వార్టరు తలుపు కొట్టాను.